సూది తగలని చీర

కనకమ్మకి పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతి నెలకొక్కసారే గుర్తొస్తుంది. అదీ మొదటి ఆదివారం నాడు, చర్చిలో ప్రభువు బల్ల మీది రొట్టె పళ్ళెం చేతులు మారడం మొదలయ్యే వేళకి సరిగ్గా గుర్తొస్తుంది. "అయ్యో, పాలు!" అని పక్కవాళ్ళకి వినపడేలా అనుకుని, కొంగు సర్దుకుని, గుమ్మం బయట చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోతుంది. బాప్తిస్మం తీసుకోనివాళ్ళు ఆ రొట్టె ముట్టుకోకూడదు. ముప్పై ఏళ్ళుగా ఆ పాలు పొంగుతూనే ఉన్నాయి గానీ, ఆ ఇంట్లో ఒక్క గిన్నె మాడిన పాపాన పోలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు. ఆ వైపు మర్యాద అలాంటిది, ఎదుటివాళ్ళ అబద్ధానికి కూడా కుర్చీ వేసి కూర్చోబెడతారు.

అడిగింది కోడలు జెస్సీయే. జెస్సీది తాడేపల్లిగూడెం. అక్కడే టైలరింగు నేర్చుకుని, పెళ్ళయ్యాక కైకలూరు అవతలున్న ఈ కాలువగట్టు ఊరికి వచ్చి నాలుగేళ్ళయింది. వసారాలో మిషను పెట్టుకుని చుట్టుపక్కల నాలుగూళ్ళ జాకెట్లు కుడుతుంది. మొగుడు అనిల్ కుమార్ రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు బాగుచేస్తాడు. అత్తాకోడళ్ళకి పడదనే లోకం మాట వీళ్ళింట్లో చెల్లలేదు. ఒకే మంచం మీద కూర్చుని ఒకే పళ్ళెంలో మరమరాలు తినే రకం ఇద్దరూ. అందుకే మార్చి నెల బల్ల ఆదివారం నాడు, పాల కోసం పరిగెత్తిన అత్తగారి వెనకే ఇంటికి వచ్చి, వెలగని పొయ్యి ముందు పీట మీద కూర్చున్న మనిషిని చూసి సూటిగానే అడిగేసింది.

"అత్తయ్యగారండీ, మీకు బాప్తిస్మం తీసుకోవాలని లేదా? తీసుకోలేకపోతున్నారా?"

కనకమ్మ పొయ్యిలోని బూడిదని పుల్లతో గెలికింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. "ఎందుకు లేదే? ఆ రొట్టె ముక్క కోసం ముప్పై ఏళ్ళబట్టీ కాచుక్కూచున్నాను. కానీ నీళ్ళలో దిగితే చీర నిలవదమ్మా. పైకి తేలిపోద్ది, ఊడిపోద్ది. గట్టు మీద అంతమంది చూస్తుంటారు. నావల్ల కాదు."

ఇంతేనా, అనుకుంది జెస్సీ. చీర నిలబెట్టడం టైలరుకి ఒక పనా! తెలియక అనుకుంది పాపం.

"పోనీ పంజాబీ డ్రెస్సు వేసుకోండి. నేను కుట్టిపెడతాను."

"నన్ను పంజాబీ డ్రెస్సులో చూస్తే పాస్టరుగారే మునిగిపోతారు. అదీగాక చర్చి చీర ఉండగా డ్రెస్సేంటే?"

ఆ చర్చిలో ఓ ఆచారం ఉంది. పెళ్ళయిన ఆడవాళ్ళు బాప్తిస్మానికి చర్చి చీరే కట్టుకోవాలి. తెల్లటి నూలుచీరలు ఎనిమిది, ఒక ట్రంకుపెట్టెలో ఉంటాయి. ఒకరు కట్టుకుని, ఉతికి, గంజి పెట్టి తిరిగి ఇస్తే, అదే ఇంకొకరు కట్టుకుంటారు. ఆ ఊరి ఆడవాళ్ళంతా ఆ ఎనిమిదింటిలో ఏదో ఒకదానితో నీళ్ళలో దిగినవాళ్ళే. పెట్టె తాళం స్త్రీల సమాజం పెద్ద మార్తమ్మ దగ్గర ఉంటుంది. ఆవిడ పెట్టిన షరతులు రెండు. చీరకి సూది తగలకూడదు, పిన్నీసు అసలే తగలకూడదు. ఒకరి ఒంటికి కుడితే ఇంకొకరికి పనికిరాదనీ, పిన్నీసు తుప్పు మరక చచ్చినా పోదనీ ఆవిడ చెప్పే కారణాలు. ఆ కారణాలు నిజమా కాదా అని నిలదీసే ధైర్యం ఉన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

ఏప్రిల్ రెండో వారంలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. ఆ తర్వాత జూన్ దాకా కాలువలో బురదా కప్పలూ తప్ప మరేమీ ఉండవు. అందుకని పాస్టర్ ఆనంద్ పాల్ గారు ఏప్రిల్ మొదటి ఆదివారమే బాప్తిస్మాలని ప్రకటించారు. జెస్సీ అత్తగారిని అడక్కుండానే పేరు ఇచ్చేసింది. ఇచ్చాక ఇంటికొచ్చి చెప్పింది. కనకమ్మ ఒక పూట అన్నం మానేసి, రెండో పూట కంచం ముందు కూర్చుని అడిగింది. "చీర నిలబెట్టగలవా మరి?"

"నిలబెడతానండి."

"సరే, పేరు ఉండనీ. ఊడదని నాకు నమ్మకం కుదిరితేనే దిగుతాను. కుదరకపోతే ఈ జన్మకింతే. మళ్ళీ ఈ మాట ఎత్తకు."

మర్నాడు జెస్సీ బస్సెక్కి ఏలూరు వెళ్ళింది. కుట్టకుండా, గుచ్చకుండా గుడ్డని గుడ్డకి పట్టించే వస్తువేదైనా ఉందా అని పెద్ద షాపులో అడిగింది. షాపతను ఆమె మెళ్ళో వేలాడుతున్న టేపుని చూసి, "మీరు టైలరేనాండీ?" అన్నాడు. సిగ్గుపడుతూనే ఇస్త్రీ చేస్తే అతుక్కునే టేపొకటీ, అయస్కాంతం గుండీలు ఓ డజనూ కొనుక్కొచ్చింది. టేపు బకెట్టు నీళ్ళలో అరగంట నానేసరికి కాలిన చర్మంలా ఊడొచ్చింది. గుండీలు పొడిగా ఉన్నంతసేపూ ఒకదాన్నొకటి వదలనని కరుచుకున్నాయి. తడిచీర బరువు పడగానే, ఇదేదో మాకు సంబంధం లేని వ్యవహారం అన్నట్టు జారిపోయాయి. కనకమ్మ వసారా గుమ్మంలో నిలబడి ఇవన్నీ చూసేది. ఏమీ అనేది కాదు.

అలా పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం వేళగాని వేళ వాన పట్టుకుంది. పెరట్లో రిపేరుకొచ్చిన మోటార్లు తడిసిపోతున్నాయని అనిల్ పరుగున టార్పాలిను కప్పాడు. తాడు కట్టబోతే టార్పాలిను మూల చిరిగిపోయి ఉంది. అతను కింద నుంచి ఓ గులకరాయి తీసి, టార్పాలిను అడుగున పెట్టి, పైనుంచి ఆ రాయి మెడ చుట్టూ తాడు బిగించి, గుంజకి కట్టేశాడు. గాలి ఎంత లాగినా అది ఊడలేదు సరికదా, ఇంకా బిగుసుకుంది.

జెస్సీ వానలో అలాగే నిలబడిపోయింది. "ఏవండీ, అదేంటండీ?"

"ఏది?"

"ఆ రాయండీ."

"తాడు కట్టే కన్నం చిరిగిపోయింది, రాయి పెట్టి కట్టాను. అందరూ కట్టేదేగా."

"నాలుగేళ్ళబట్టీ కాపురం చేస్తున్నాం, నాకు ఇంత ముఖ్యమైన సంగతి ఎప్పుడైనా చెప్పారా?"

తన నేరమేమిటో అనిల్‌కి అర్థం కాలేదు. పెళ్ళయినవాళ్ళకి అలవాటే గనక, సారీ చెప్పేసి లోపలికి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే పని మొదలైంది. రాయి బదులు ఒంటికి గుచ్చుకోని, తేలికైన గుండు కావాలి. తాడు బదులు ఒక్క క్షణంలో పెట్టి, ఒక్క క్షణంలో తీసే బిళ్ళ కావాలి. వలల పైతాడుకి కట్టే తెల్లటి బెండ్లు ఆ ఊళ్ళో ఏ ఇంటి చూరు చూసినా దొరుకుతాయి. జెస్సీ వాటిని బ్లేడుతో కోసి, రేగిపండంత గుండ్రంగా అరగదీసింది. బిళ్ళకి గోడరంగుల ప్లాస్టిక్ బకెట్టు మూతని చిన్న ముక్కలుగా కోసింది. అనిల్ ఒక్కో ముక్కకి డ్రిల్లుతో రెండు కన్నాలు పెట్టాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెంటినీ కలుపుతూ సన్నటి సందు. గుండుని గుడ్డ అడుగున పెట్టి, గుడ్డతో సహా పెద్ద కన్నంలోంచి పైకి లాగి, చిన్న కన్నం వైపు జరిపితే టక్కున కూర్చుంటుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. తీయాలంటే వెనక్కి జరపడమే. సూది లేదు, దారం లేదు, గుడ్డకి చిల్లు లేదు.

చెప్పినంత తేలిగ్గా ఏం రాలేదు. మొదటి బిళ్ళల అంచులు గుడ్డ నూలుని పీకేశాయి. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది జెస్సీ వేళ్ళు బొబ్బలెక్కాయి. సందు ఒక్క నూలుపోగంత వెడల్పైతే గుండు జారిపోయేది, ఇరుకైతే చీర చిరిగేది. మూడు బకెట్లు మూతల్లేనివయ్యాయి. చివరికి ఓ బిళ్ళకి పాత చీరముక్క తగిలించి, ఆ ముక్కకి నిండు బకెట్టు కట్టి, దూలానికి వేలాడదీసింది. బకెట్టు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా వేలాడింది. కనకమ్మ వెళ్ళి దాన్ని రెండుసార్లు ఊపి చూసి వచ్చింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

చర్చి చీరకి తగిలించే ముందు మార్తమ్మ ఒప్పుకోవాలి కదా. అంగన్‌వాడీలో ఆయాగా చేసి రిటైరైన ఆవిడ, నవ్వుని పొదుపుగా వాడే మనిషి. జెస్సీ బిళ్ళనీ గుండునీ చేతిలో పెడితే మార్తమ్మ ముందు కళ్ళజోడు తుడుచుకుంది. బిళ్ళ అంచుని మణికట్టు మీద రుద్ది చూసింది. తర్వాత తన పైటకే తగిలించుకుని లాగింది. మెల్లిగా ఒకసారి, గట్టిగా ఇంకోసారి, పళ్ళు బిగించి మరోసారి.

"తడిస్తే?"

"ఇంకా బిగుస్తుందండి."

"గాలొస్తే?"

"గాలికేం కాదండి."

"గాలీ వచ్చి, పైనుంచి నీళ్ళూ తోసుకొచ్చి, మనిషి ములిగి లేచేటప్పుడు కాలు జారితేనో?"

ఈవిడ పరీక్షల ఇన్‌స్పెక్టరులా ఉందేంటి, అనుకుంది జెస్సీ. "అప్పుడూ ఊడదండి. ఒట్టు."

"ఒట్టు పెట్టకూడదు," అంది మార్తమ్మ. పైటని వెలుతురుకి పట్టి చూసి, "సూది తగల్లేదుగా. కట్టుకోమను," అంది. అంతా అయ్యాక కూడా ఆ బిళ్ళని వేళ్ళ మధ్య ఇటూ అటూ జరుపుతూ కూర్చుంది. జెస్సీ రెండుసార్లు చెయ్యి చాస్తే గానీ తిరిగి ఇవ్వలేదు.

ఇక మిగిలింది నీళ్ళలో పరీక్ష. గురువారం తెల్లవారాక ముగ్గురూ ఊరి చివర చేపలచెరువు దగ్గరికి వెళ్ళారు. జెస్సీ పాత తెల్లచీర కట్టుకుంది. పైటకి ఒక బిళ్ళ, కుచ్చిళ్ళ దగ్గర ఒకటి, కింద చీర అంచునీ లంగానీ కలిపి చుట్టూ ఆరు. అనిల్ పాస్టరుగారి స్థానంలో నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాడు. కనకమ్మ గట్టు మీద నిలబడింది. ఆవిడ ముఖంలో మొదటిసారి కొంచెం ఆశ కనిపించింది జెస్సీకి. ఆ ఆశని చూసుకుంటూనే నీళ్ళలోకి దిగింది.

ఒక్క బిళ్ళా ఊడలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. బెండు పుట్టిందే తేలడానికి. అంచు చుట్టూ ఉన్న ఆరు బెండ్లూ తమకి చేతనైన పని తాము చేశాయి. చీరా లంగా రెంటినీ కలిపి నడుం దాకా పైకెత్తి, జెస్సీ చుట్టూ గొడుగులా విప్పి పెట్టాయి. కిందకి నొక్కితే ఇటు మునిగి అటు లేస్తున్నాయి. పొద్దున లేచింది మొదలు వలలూ బెండ్లూ చూసే ఊళ్ళో ఉంటూ, బెండు తేలుతుందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. కొత్త ఊరివాళ్ళైతే ముందే అడిగి ఉండేవారు. ఇంటి చూరులో ఏళ్ళ తరబడి పడున్నదాన్ని చూస్తే, అది నీళ్ళలో ఏం చేస్తుందో ఎవరికి గుర్తుంటుంది!

అనిల్‌కి నవ్వు ఆగలేదు. నవ్వి, భార్య ముఖం చూసి, అమ్మ నిలబడ్డ వైపు తిరిగి, గతుక్కుమన్నాడు. గట్టు మీద కనకమ్మ లేదు.

జెస్సీ తడిచీరతోనే ఇంటికి పరిగెత్తింది. కనకమ్మ వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అందుకే జెస్సీకి ఎక్కువ భయమేసింది.

"పాస్టరుగారికి ఫోను చేసి పేరు తీసేయించు."

"బెండ్ల వల్ల వచ్చిందండి, అది మార్చేస్తే సరిపోతుంది..."

"బెండ్లు కాదే. నేను దిగితే అలాగే అవుద్ది. ఎన్ని బిళ్ళలు పెట్టినా అవుద్ది. నువ్వు పడ్డ కష్టం చూసి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను." కనకమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "నేను భీమడోలు నుంచి కోడలుగా వచ్చిన కొత్త. ఆ ఏడు ఈ కాలవలోనే మార్తమ్మక్క బాప్తిస్మం తీసుకుంది. తువ్వాలు పట్టుకుని మెట్టు మీద నిలబడమని నాకు చెప్పారు. అక్క పైటకి ఒకే ఒక్క పిన్నీసు. ములిగి లేచేసరికి అది ఊడిపోయింది. గాలి, దానికి తోడు వరద. చీరంతా నీళ్ళ మీద పరుచుకుని వెళ్ళిపోయింది. వంతెన మీద జనం ఈలలు. అక్క రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని, 'కనకం, తువ్వాలూ' అని కేకేసింది."

"భయంతో కదల్లేకపోయారా?"

"నవ్వానే."

జెస్సీ తడికొంగు పిండబోయి ఆగిపోయింది.

"ఎందుకో ఇప్పటికీ తెలీదు. అందరూ నవ్వుతుంటే నాకూ వచ్చేసింది. ఆపుకోలేకపోయాను. తువ్వాలు చేతిలోనే ఉంది, పళ్ళికిలిస్తా అలా నిలబడ్డాను. ఎవరో ముసలమ్మ నా చేతిలోంచి లాక్కుని నీళ్ళలోకి దిగింది. అక్క తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు. నేను నవ్వడం చూసిందో లేదో కూడా తెలీదు. చూళ్ళేదనే అనుకుంటున్నాను. అనుకుంటా ముప్పై ఏళ్ళు లాక్కొచ్చాను. మరి నేను అదే నీళ్ళలో దిగితే దేవుడు ఊరుకుంటాడా?"

మార్తమ్మ ఆ బిళ్ళని పళ్ళు బిగించి ఎందుకు లాగిందో జెస్సీకి ఇప్పుడు తెలిసింది. పెట్టెకి తాళమెందుకో, పిన్నీసంటే అంత కోపమెందుకో తెలిసింది. తుప్పు మరక అని ముప్పై ఏళ్ళుగా నమ్మినట్టే ఉన్న ఊరంతటినీ తలుచుకుంటే జాలేసింది.

"ఆవిడకి చెప్పేయండి అత్తయ్యగారూ."

"చూసుండకపోతేనో? లేని ముల్లు తీసుకెళ్ళి గుచ్చినట్టు కాదూ?"

జెస్సీ వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. చీరలోంచి నీళ్ళు కారి వసారా గచ్చంతా తడిసింది. ముప్పై ఏళ్ళుగా మోసింది దించినందుకేమో, కనకమ్మ ఊపిరి మెల్లిమెల్లిగా కుదుటపడింది. కాసేపటికి ఆవిడ చెయ్యి దానంతటదే కోడలి చీర అంచుని తడిమింది. బిళ్ళని వెనక్కి జరిపి, లోపలి గుండు తీసి, వెలుతురుకి పట్టుకుని చూసింది.

"ఇది బెండు కదే!"

"బెండేనండి."

"పైతాడుకి కట్టేది తెచ్చి అడుగున కట్టావా? మీ తాడేపల్లిగూడెంలో వలలు తలకిందులుగా వేస్తారేంటే?" కనకమ్మ పెదాలు వణికాయి. ఏడుస్తుందేమో అనుకుంది జెస్సీ. ఏడవలేదు. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుని లేచి, "అటక మీద మీ మావయ్య వలుంది, దింపమను మీ ఆయన్ని," అంది.

పోయిన మామగారి పాత వల అడుగున కాల్చిన మట్టిగుళ్ళు వరసగా ఉన్నాయి. వలని నీళ్ళలో నిలువుగా దించేవి అవే. కనకమ్మ కత్తిపీట ముందేసుకుని, దారం కోసి ఆరు గుళ్ళు తీసింది. వల పనిలో పుట్టి పెరిగిన చేతులకి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. "పైటకీ నడుముకీ బెండు, అంచుకి మట్టిగుండు. చూడు ఎలా దిగుద్దో." గుళ్ళు బెండ్లకన్నా కాస్త లావు గనక అనిల్ కొత్త బిళ్ళలకి కన్నాలు పెద్దవి చేశాడు. శనివారం పొద్దున జెస్సీ మళ్ళీ చెరువులో దిగింది, మునిగింది, లేచింది. చీర అంచు చీలమండలు వదల్లేదు. కనకమ్మ గట్టు మీదే చివరిదాకా ఉంది. "ఊఁ," అంది. పేరు తీసేయించమని మళ్ళీ అనలేదు. దిగుతానని కూడా అనలేదు.

ఆదివారం కాలువ నిండుగా ఉంది. గట్టు మీద చర్చి జనమంతా చేరారు. వంతెన మీద మోటారుసైకిళ్ళు ఆగాయి, చూడ్డానికి డబ్బులు పెట్టాలా ఏంటి! గాలి తూర్పు నుంచి వీస్తోంది, జెస్సీ కంటికి అది అవసరానికన్నా ఎక్కువే ఉంది. మార్తమ్మ పెట్టెలోంచి తీసిన చీరని జెస్సీయే కట్టింది. ఎనిమిది బిళ్ళలూ ఒకటికి రెండుసార్లు లాగి చూసింది.

ముందు ముగ్గురు దిగి లేచారు. చివరిది కనకమ్మ. మెట్ల మీద ఒక్కొక్క అడుగే వేసింది. మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చాయి. అంచు నిలబడింది. నడుం దాకా వచ్చాయి. నిలబడింది. జెస్సీ చేతిలో తువ్వాలు ఉంది, అది ఎప్పుడు మార్తమ్మ వచ్చి తీసుకుందో కూడా గమనించలేదు.

ఆనంద్ పాల్ గారు ఒక చెయ్యి కనకమ్మ వీపు వెనక పెట్టారు. "ప్రభువైన యేసుని మీ సొంత రక్షకుడిగా అంగీకరిస్తున్నారా, కనకమ్మగారూ?"

"ఒక్క నిమిషమండి అయ్యగారూ."

గట్టు మీద గుసగుసలు ఆగిపోయాయి. కనకమ్మ నీళ్ళలోనే వెనక్కి తిరిగింది. తువ్వాలు పట్టుకుని పై మెట్టు మీద నిలబడ్డ మార్తమ్మ వైపు చూసింది. జెస్సీకి ఏం జరగబోతుందో తెలిసిపోయింది.

"అక్కా, ఆ రోజు నేనూ నవ్వాను." గొంతు పెద్దదే వచ్చింది. వంతెన దాకా వినపడింది. "మీరు పిలుస్తుంటే తువ్వాలు ఇవ్వకుండా నవ్వాను. ముప్పై ఏళ్ళబట్టీ చెప్పలేకపోయాను."

మార్తమ్మ ముఖంలో ఏమీ కదల్లేదు. ఎంతసేపు అలా ఉందో, జెస్సీకైతే కాలువలో నీళ్ళన్నీ వెళ్ళిపోయినంతసేపు అనిపించింది.

"తెలుసు. ఆ రోజే చూశాను," అంది మార్తమ్మ. "కొన్నాళ్ళు నీ ముఖం చూడబుద్ధి కాలేదు. తర్వాత నువ్వు బల్ల ఆదివారం లేచి వెళ్ళిపోవడం మొదలెట్టావు. ఎందుకో నాకు తెలుసు. పిలుద్దామనుకునేదాన్ని, నోరు వచ్చేది కాదు. ఇద్దరం ఇద్దరమే." ఆవిడ తువ్వాలు మడత విప్పింది. "ముందు ములుగు. అయ్యగారు ఎంతసేపని నిలబడతారు?"

ఎవరో ముక్కు చీదారు. కనకమ్మ ముఖమంతా నవ్వూ ఏడుపూ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోయింది. పాస్టరుగారి వైపు తిరిగి, "అంగీకరిస్తున్నానండి," అంది. ఆయన పట్టుకుని ముంచారు. తెల్లచీరంతా ఒక్కసారి నీళ్ళ కిందికి వెళ్ళింది. లేచింది. పైట భుజం మీదే ఉంది, కుచ్చిళ్ళు కుచ్చిళ్ళలాగే ఉన్నాయి, అంచు కాళ్ళకి అంటుకుని ఉంది. గాలి ఇంకోసారి ప్రయత్నించి ఊరుకుంది. గట్టు మీద పాట అందుకున్నారు. జెస్సీ నెత్తి మీంచి పెద్ద బస్తా ఎవరో దించినట్టయింది. పక్కనున్న అనిల్ చొక్కా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "ఊడలేదుగా, మరెందుకేడుస్తున్నావ్?" అన్నాడు అనిల్. మగవాళ్ళకి చెప్పినా తెలియదు గనక జెస్సీ చెప్పలేదు.

బాప్తిస్మాలప్పుడు మార్తమ్మ ఎప్పుడూ పై మెట్టు దాటి కిందికి రాదు. తువ్వాలు ఎవరిచేతికో ఇచ్చి పంపిస్తుంది. ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు. ఒక మెట్టు దిగింది. ఇంకోటి దిగింది. చెప్పులతోనే నీళ్ళలోకి వచ్చి, మోకాలిలోతులో నిలబడి, ఎదురొచ్చిన కనకమ్మ భుజాల చుట్టూ తువ్వాలు కప్పింది. కప్పనవసరం లేకపోయినా కప్పింది. గట్టిగా దగ్గరికి లాక్కుంది.

అప్పుడు గాలి వచ్చింది. మార్తమ్మ కట్టుకున్నది మామూలు వాయిల్ చీర. దానికి బిళ్ళల్లేవు, గుళ్ళూ లేవు. అంచు నీళ్ళ మీదికి లేచి చుట్టూ విచ్చుకోవడం మొదలుపెట్టింది. మార్తమ్మ ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయింది. రెండు చేతులూ కనకమ్మ చుట్టూ ఉన్నాయి, ఏ చెయ్యి తీయాలో ఆవిడకి తెలియలేదు. వంతెన వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు జెస్సీ జన్మలో మర్చిపోదు.

కనకమ్మ గభాలున వంగింది. అప్పుడప్పుడే ఆరుతున్న ముఖం మళ్ళీ నీళ్ళలో తడిసింది. రెండు చేతులతో మార్తమ్మ చీర అంచుని దొరకబుచ్చుకుని, కిందికి లాగి, చీలమండల దగ్గర గుప్పిళ్ళతో బిగించి పట్టుకుంది. వంతెన మీద ఎవరూ ఈల వేయలేదు. వంగినచోటు నుంచే తల ఎత్తి, కనకమ్మ పైకి చూసింది.

"నడవండక్కా. నేను పట్టుకున్నానుగా."

మార్తమ్మ ఒక అడుగు వేసింది. ఇద్దరూ మెట్లన్నీ ఎక్కి పైకి వచ్చేదాకా కనకమ్మ ఆ అంచు వదల్లేదు.